ఇంట్లో కొట్టిన కేసు: సాక్షి మాటకు, సాక్ష్యానికి కోర్టులో ఎంత బలం? తరచుగా అడిగే ప్రశ్నలు

"కొట్టింది నిజమే కదండీ, మళ్లీ సాక్ష్యం దేనికి?" కేసు పెట్టినవాళ్ల నోట నేను ఎక్కువగా వినే మాట ఇది. అవతలి పక్షం అడిగేది ఇంకోటి: "ఆమె ఒక్కతే చెబితే సరిపోతుందా? చూసినవాళ్లు ఎవరు?" రెండింటికీ జవాబు ఒకే చోట ఉంది. జరిగింది జడ్జి గారు చూడలేదు. ఆయన ముందుండేవి కొన్ని కాగితాలు, బోనులో నిలబడే నలుగురైదుగురు మనుషులు. ఆ కాగితాలూ ఆ మనుషులూ ఒకే మాట మీద ఉన్నారా లేదా అన్నదాని మీదే కేసు నిలుస్తుంది, లేదా పోతుంది.

కింద ఉన్నవి రెండు తెలుగు రాష్ట్రాల్లో మేజిస్ట్రేట్ కోర్టుల మెట్లెక్కేవాళ్లు అడిగే ప్రశ్నలు. 2024 జులై 1 నుంచి జరిగిన ఘటనలకు భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్ వర్తిస్తుంది. అంతకు ముందు జరిగినవాటికి పాత ఐపీసీ సెక్షన్లే. విచారణ పద్ధతికి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్, సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. సాక్ష్య చట్టంలో నంబర్లు చాలా మారాయి కానీ లోపలి సరుకు చాలావరకు 1872 నాటిదే.

ఇంట్లో కొడితే ఏ సెక్షన్లు పడతాయి?

మామూలు దెబ్బలకు బీఎన్‌ఎస్ 115(2). ఎముక విరిగినా, పన్ను ఊడినా, చూపు లేదా వినికిడి శాశ్వతంగా పోయినా అది తీవ్ర గాయం, 117(2). కత్తి లాంటి ప్రమాదకరమైన వస్తువు వాడితే 118. చంపుతానని బెదిరిస్తే 351. కొట్టింది భర్తో అతని బంధువులో అయితే 85 కూడా రావచ్చు. జనం ఇప్పటికీ "ఫోర్ నైంటీ ఎయిట్" అని పిలిచే పాత 498ఎ ఇదే. దీనికి మూడేళ్ల వరకు జైలు, జరిమానా.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. భర్త ఒక చెంపదెబ్బ కొట్టాడు కాబట్టి 85 దానంతటదే పడదు. ఆ సెక్షన్‌కు కావాల్సిన "క్రూరత్వం" ఏమిటో 86లో రాసి ఉంది: ఆమెను ఆత్మహత్యకు పురిగొల్పేంత లేదా ప్రాణానికి, ఆరోగ్యానికి తీవ్ర ముప్పు తెచ్చేంత ప్రవర్తన, లేదా డబ్బు, ఆస్తి కోసం వేధింపు. ఇక 115(2) ఒక్కటే అయితే అది నాన్ కాగ్నిజబుల్. మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. "ఎస్సై గారు కేసు కట్టట్లేదు" అనే గొడవల్లో కొన్నింటికి కారణం ఇదే.

నాలుగు గోడల మధ్య కొట్టాడు. చూసినవాళ్లు ఎవరూ లేరు. నా ఒక్కదాని మాట చాలుతుందా?

చాలుతుంది, నమ్మదగ్గదిగా ఉంటే. ఒక విషయాన్ని రుజువు చేయడానికి ఇంతమంది సాక్షులు ఉండాలన్న లెక్క మన చట్టంలో లేదు. సాక్ష్య అధినియం 139 (పాత 134) ఆ ముక్కే చెబుతుంది. సుప్రీంకోర్టు 1957లో వడివేలు తేవర్ కేసులో సాక్షులను మూడు రకాలుగా చూడమంది: పూర్తిగా నమ్మదగినవాళ్లు, బొత్తిగా నమ్మలేనివాళ్లు, ఈ రెండింటికీ మధ్యలో ఉన్నవాళ్లు. మొదటి రకమైతే ఒక్కరు చాలు. రెండో రకమైతే పదిమంది ఉన్నా ఒరిగేదేమీ లేదు. అసలు సమస్యంతా మూడో రకంతోనే. అలాంటప్పుడు కోర్టు ఆమె మాటకు ఇంకో ఆసరా వెతుకుతుంది. గాయాల సర్టిఫికెట్, ఆ రాత్రి అమ్మకు చేసిన ఫోను, పగిలిన గాజులు, చిరిగిన జాకెట్టు, తెల్లవారి పక్కింటావిడ చూసిన వాచిన మొహం, ఇవన్నీ ఆ ఆసరాలే.

ఇంట్లో కొట్టుకునే కేసుల్లో బయటి సాక్షి దొరకడు అన్నది కోర్టుకూ తెలుసు. తలుపు వేసుకుని కొట్టేవాడు ఊరందరినీ పిలిచి కొట్టడు కదా.

ఆసుపత్రిలో మొదట ఏం చెప్పాలి?

నన్నడిగితే మొత్తం కేసులో అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

రాత్రి పదిన్నర. ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీ. ఆమెకు ఎడమ కంటి కింద వాచింది, ముంజేతి మీద కమిలిన గీతలున్నాయి. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది కొట్టినవాడే. డ్యూటీ డాక్టరు ఎంఎల్‌సీ (పోలీసు కేసయ్యే గాయాలు రాసే) రిజిస్టర్ తెరిచి, తల ఎత్తకుండానే "ఎట్లా తగిలిందమ్మా?" అని అడుగుతాడు. ఆమె ఒకసారి భర్త వైపు చూసి, "బాత్రూంలో జారిపడ్డానండీ" అంటుంది. డాక్టరు అదే రాసుకుంటాడు. రెండేళ్ల తర్వాత కోర్టులో డిఫెన్స్ లాయరు ఆ రిజిస్టర్ నకలు పట్టుకుని, "మొట్టమొదట మీరు చెప్పింది జారిపడ్డానని. అవునా, కాదా?" అని అడుగుతాడు. అప్పుడు ఆమె దగ్గర "అవును" తప్ప ఇంకో జవాబు ఉండదు.

అందుకే, వీలైతే వెంట వచ్చినవాళ్లను బయట నిలబెట్టమని నర్సుకు చెప్పండి. డాక్టరుకు నాలుగు ముక్కలు చాలు: ఎవరు, దేనితో, ఎక్కడ, ఎప్పుడు. "రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో మా ఆయన చేతులతో, బెల్టుతో కొట్టాడు." అంతే. ఏడేళ్ల కాపురం కథంతా అక్కడ అక్కర్లేదు. నొప్పి ఉన్న ప్రతి చోటూ చూపించండి. సిగ్గుపడి వీపు చూపించకపోతే వీపు మీది దెబ్బ సర్టిఫికెట్‌లోకి రాదు. సర్టిఫికెట్‌లో లేని దెబ్బ గురించి బోనులో ఎంత చెప్పినా తేలిపోతుంది.

దెబ్బల రంగు కూడా మాట్లాడుతుంది. కమిలిన చోటు మొదట ఎర్రగా ఉండి, నీలి నలుపుకు తిరిగి, తర్వాత ఆకుపచ్చ, పసుపు రంగుల్లోకి మారి, సుమారు రెండు వారాల్లో మాయమవుతుంది. "నిన్న కొట్టాడు" అని చెప్పి పసుపు రంగు మచ్చ చూపిస్తే, అది నిన్నటిది కాదని డాక్టరుకు తెలిసిపోతుంది. మరోవైపు, ముంజేతి బయటి అంచున ఉండే దెబ్బలు చాలాసార్లు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నప్పుడు తగిలేవి. జారిపడితే అలాంటివి పడటం అరుదు. ఆమె అబద్ధం చెప్పినా ఆమె చెయ్యి నిజం చెప్పిన కేసులున్నాయి.

నేను ఆ రోజు "జారిపడ్డాను" అనే చెప్పేశాను. కేసు పోయినట్టేనా?

పోయినట్టు కాదు. కానీ ఆ మాటను దాచిపెట్టకండి. ఎందుకలా చెప్పాల్సి వచ్చిందో ఫిర్యాదులోనే రాయండి: ఆయన పక్కనే ఉన్నాడు, పిల్లలు ఇంట్లో అత్తగారి దగ్గర ఉన్నారు, ఇంటికి తిరిగి వెళ్లక తప్పదు. మీరే ముందు చెప్పిన కారణాన్ని కోర్టు ఆలోచిస్తుంది. క్రాస్‌లో, అంటే అవతలి లాయరు ప్రశ్నల్లో, పట్టుబడ్డాక చెప్పిన కారణం సాకులా వినిపిస్తుంది.

సర్టిఫికెట్‌లో "సింపుల్" అని రాశారు. అంటే కేసు బలహీనమా?

"సింపుల్" అంటే చట్టం లెక్కలో తీవ్ర గాయం కాదు అని మాత్రమే. కొట్టలేదని కాదు. చెంపదెబ్బ, జుట్టు పట్టి లాగడం, మెడ నొక్కడం లాంటివి ఒక్కోసారి కంటికి కనిపించే గుర్తే వదలవు. గుర్తు లేదు కాబట్టి దెబ్బ లేదు అని డాక్టరు కూడా అనడు.

అయితే కర్రతో అరగంట సేపు బాదాడని చెప్పి, సర్టిఫికెట్‌లో ఒక్క చిన్న గీరుడు ఉంటే, అక్కడ కోర్టు అనుమానపడుతుంది. మీ మాటకూ వైద్య సాక్ష్యానికీ మధ్య కొంచెం ఎడం ఉంటే ఫర్వాలేదు, సాధారణంగా కళ్లతో చూసిన సాక్షి మాటకే విలువ ఎక్కువ. కానీ ఆ రెండూ ఏ విధంగానూ కలవకపోతే మాత్రం కేసు కష్టమే.

వారం తర్వాత ఫిర్యాదు ఇచ్చాను. ఆలస్యం దెబ్బతీస్తుందా?

ఆలస్యం ఒక్కటే ఏ కేసునూ చంపదు, కారణం చెప్పని ఆలస్యం చంపుతుంది. మన ఇళ్లలో ఏం జరుగుతుందో జడ్జిలకు తెలియంది కాదు. ముందు అమ్మానాన్నలు సర్దిచెబుతారు, తర్వాత మేనమామ వస్తాడు, పెద్దమనుషుల్లో పెడతారు, మహిళా పోలీస్ స్టేషన్‌లో కౌన్సెలింగ్ నడుస్తుంది. ఇవన్నీ తేదీలతో సహా రాస్తే ఆలస్యానికి కారణం దానంతటదే కనిపిస్తుంది.

గడువు కూడా గుర్తుంచుకోవాలి. ఏడాది వరకు శిక్ష ఉన్న నేరానికి ఏడాది లోపు, ఏడాది దాటి మూడేళ్ల వరకు శిక్ష ఉన్నదానికి మూడేళ్ల లోపు కేసు మొదలవ్వాలి. బీఎన్‌ఎస్‌ఎస్ 514 ప్రకారం ఈ లెక్క ఫిర్యాదు ఇచ్చిన లేదా ఎఫ్‌ఐఆర్ కట్టిన తేదీని బట్టి చూస్తారు.

ఫిర్యాదులో అత్తమామలు, ఆడపడుచు, బావగారు, అందరి పేర్లూ పెట్టమంటున్నారు. పెట్టనా?

ఎవరు ఏం చేశారో అదే రాయండి. చెయ్యనివాళ్ల పేరు రాస్తే చేసినవాడు తప్పించుకుంటాడు. ఈ మాట నేను చెబితే కోపం తెచ్చుకునేవాళ్లున్నారు, అయినా చెబుతాను.

2022లో బీహార్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు, అత్తింటివాళ్లందరి మీదా కలిపికట్టుగా చేసిన ఆరోపణలతో కేసు నడపడం కుదరదంది. 2024 డిసెంబర్‌లో తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో జస్టిస్ నాగరత్న, జస్టిస్ కోటీశ్వర్ సింగ్ ధర్మాసనం ఇంకా గట్టిగా చెప్పింది. ఫలానా రోజు ఫలానావాళ్లు ఫలానాది చేశారని లేకుండా పేర్లు మాత్రం రాసిన కేసును మొదట్లోనే తుంచెయ్యాలంది. హైకోర్టు కొట్టెయ్యని కేసును తాను కొట్టేసింది. క్రూరత్వానికి గురైన స్త్రీ నోరు మూసుకుని ఉండాలని తాము అనడం లేదని కూడా అదే తీర్పులో రాసింది. ఈ రెండో ముక్కను ఎవరూ వాట్సాప్‌లో ఫార్వర్డ్ చెయ్యరు.

"అందరూ కలిసి చిత్రహింసలు పెట్టారు" అనే వాక్యానికి కోర్టులో బరువు లేదు. "సంక్రాంతికి రెండు రోజుల ముందు, వంటింట్లో, గ్యాస్ డబ్బులు అడిగినందుకు ఆయన పీట విసిరాడు, కుడి మోకాలికి తగిలింది" అన్న వాక్యానికి ఉంది.

పోలీసులు నన్ను అడిగి రాసుకున్నారు. దాని మీద సంతకం పెట్టమన్నారు, పెట్టాలా?

మీరు ఇచ్చిన ఫిర్యాదు మీద సంతకం పెట్టాలి. దర్యాప్తులో సాక్షిగా మిమ్మల్ని విచారించి రాసుకునే స్టేట్‌మెంట్ (పాత 161, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 180) మీద సంతకం అక్కర్లేదని చట్టమే చెబుతుంది. ఎందుకంటే అది సాక్ష్యం కాదు. కోర్టులో మీరు దానికి భిన్నంగా చెబితే, ఆ తేడా చూపించడానికి వాడుకునే కాగితం మాత్రమే. అందుకని వాళ్లు ఏం రాశారో చదివి వినిపించమని అడగండి. రైటర్ హడావుడిలో "చేతితో" అన్నదాన్ని "కర్రతో" అని రాసేస్తే ఆ తలనొప్పి మీకే. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.

మాట మార్పించే ఒత్తిడి ఉందనిపిస్తే, 183 (పాత 164) కింద మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇప్పించమని దర్యాప్తు అధికారిని అడగవచ్చు. ఇది కూడా చివరికి విచారణలో చెప్పే సాక్ష్యానికి బదులు కాదు. కానీ దీన్ని "పోలీసులే రాసుకున్నారు" అని తోసెయ్యడం కష్టం.

స్టేషన్‌లో ఆయన "కొట్టాను, ఇక కొట్టను" అని రాసిచ్చాడు కదా. అది చాలదా?

పోలీసు అధికారి ముందు ఒప్పుకున్నది ముద్దాయి మీద రుజువుగా పనికిరాదు (సాక్ష్య అధినియం 23). అదే మాట పెద్దమనుషుల పంచాయితీలో, పోలీసులు లేని చోట రాసిచ్చి ఉంటే, ఆ పెద్దమనుషులు వచ్చి చెబితే, కోర్టు చూస్తుంది. ఒంటరిగా దాని బలం తక్కువే. మీ మాటకు పక్క ఊతంగా బాగా పనికొస్తుంది. ఆ కాగితం ఒరిజినల్ ఎవరి బీరువాలో ఉందో ఇప్పుడే కనుక్కోండి.

క్రాస్ అంటే టెన్షన్‌గా ఉంది. చిన్న చిన్న తేడాలు వస్తే కేసు పోతుందా?

కోర్టులో మొదట ఏపీపీ గారు, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, మిమ్మల్ని అడుగుతారు. జవాబును నోట్లో పెట్టే ప్రశ్నలు ఆయన అడగకూడదు. తర్వాత అవతలి లాయరు క్రాస్ చేస్తారు, ఆయన అలా అడగొచ్చు. ఇంచుమించు ఇలా నడుస్తుంది:

"మీ పెళ్లి రోజు చెప్పండి." చెబుతారు. "మీ అబ్బాయి ఏ తరగతి?" చెబుతారు. "ఘటన రోజు కరెంటు ఉందా?" గుర్తు లేదు అంటారు. "మీ ఆయన ఏ రంగు చొక్కా వేసుకున్నాడు?" గుర్తు లేదు. "అన్నీ గుర్తు లేవు, కొట్టింది మాత్రం గుర్తుందా?" ఇక్కడ చాలామంది రెచ్చిపోయి, గుర్తులేనిదాన్ని కూడా ఊహించి చెప్పడం మొదలుపెడతారు. అదే ఆయనకు కావాల్సింది. చొక్కా నీలం అంటే, పదో ప్రశ్నలో నీలం చొక్కా గురించే అడుగుతాడు.

చొక్కా రంగు, గంట అటూ ఇటూ, ముందు చెంప మీద కొట్టాడా, జుట్టు పట్టుకున్నాడా, ఇలాంటి తేడాలు కోర్టు పట్టించుకోదు. 1983లో గుజరాత్ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం విడమరిచి చెప్పింది: మనిషి మనసు వీడియో టేపు కాదు, జరిగిన ప్రతిదీ చూసినట్టే అప్పజెప్పమని అడగకూడదు. వింతేమిటంటే, ముగ్గురు సాక్షులు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా చెబితేనే జడ్జికి అనుమానం ఎక్కువ. నేర్పించి తీసుకొచ్చారనుకుంటారు.

కేసును కదిలించే తేడాలు వేరు. ఫిర్యాదులో చేతులతో కొట్టాడు, పోలీసుల దగ్గర బెల్టు, బోనులో గొడ్డలి. ఇలా ప్రతి మెట్టు మీదా కథ పెరుగుతూ పోతే దాన్ని "ఇంప్రూవ్‌మెంట్" అంటారు. ముఖ్యమైన విషయం ఒకటి ముందు చెప్పకుండా ఉండటం కూడా పాత స్టేట్‌మెంట్‌కు విరుద్ధం కిందికే వస్తుంది. కడుపు మీద తన్నాడని, గర్భం పోయిందని మొదటిసారి కోర్టులోనే చెబితే, ఇంత పెద్ద విషయం అప్పుడెందుకు చెప్పలేదని తప్పకుండా అడుగుతారు.

ఒక మాట ఊరట కోసం. ఒక అంశంలో సాక్షి అబద్ధం చెప్పాడని తేలితే మిగతాదంతా అబద్ధమే అనే సూత్రాన్ని మన కోర్టులు పాటించవు. గింజను పొట్టు నుంచి వేరు చేసినట్టు, నమ్మగలిగింది ఉంచుకుని మిగతాది వదిలేస్తాయి. చెరగడానికి గింజ అంటూ మిగలాలి, అంతే.

అసభ్యంగా, అవమానించడానికే అడిగే ప్రశ్నలను ఆపే అధికారం జడ్జికి ఉంది (సాక్ష్య అధినియం 154, 155). మీరు మౌనంగా ఏడవనక్కర్లేదు, "ఇది కేసుకు సంబంధం లేదు సార్" అని చెప్పొచ్చు.

నాకు సాక్షులు మా అమ్మ, మా అన్నయ్యే. సొంతవాళ్ల మాట నమ్ముతారా?

నమ్ముతారు. చుట్టరికం వేరు, స్వార్థం వేరు అని సుప్రీంకోర్టు 1953లోనే చెప్పింది. సొంత మనిషిని కొట్టినవాణ్ణి వదిలేసి అమాయకుణ్ణి ఇరికించాలని దగ్గరి బంధువు సాధారణంగా కోరుకోడు అన్నది దాని వెనకున్న తర్కం. అయితే ఆస్తి గొడవో, పాత కక్షో ఉంటే వాళ్ల మాటను కాస్త జాగ్రత్తగా జల్లెడ పడతారు.

ముఖ్యంగా చూసేది ఒకటి: అమ్మ కళ్లారా చూసిందా, మీరు చెబితే విన్నదా? "మా అమ్మాయి చెప్పింది" అన్నది విన్న మాట. కానీ "రాత్రి పదకొండుకు ఫోను చేసి ఏడ్చింది, నేను ఆటోలో వెళ్లేసరికి పెదవి చిట్లి రక్తం కారుతోంది" అన్నది ఆమె స్వయంగా విన్నదీ చూసిందీ. అమ్మగారికి రెండోది చెప్పమనండి. మొదటిది చూసినట్టు చెప్పమని మాత్రం నేర్పించకండి. క్రాస్‌లో "మీరు ఆ రోజు నల్లగొండలో ఉన్నారు కదా?" అన్న ఒక్క ప్రశ్నతో అంతా కూలుతుంది.

పక్కింటివాళ్లు రానంటున్నారు.

మామూలే. "మీ ఇంటి గొడవ మాకెందుకమ్మా" అంటారు. వాళ్లను సాక్షుల జాబితాలో పెట్టి బలవంతంగా లాక్కొస్తే ఎదురు తిరిగే ప్రమాదమే ఎక్కువ. కోర్టు సమన్లు వచ్చాక రాకపోతే వారెంట్ రావచ్చు కానీ, మనసు లేని సాక్షిని వారెంట్ మంచి సాక్షిగా మార్చదు.

మా ఏడేళ్ల బాబు అంతా చూశాడు. వాడి సాక్ష్యం చెల్లుతుందా?

చెల్లుతుంది. అడిగింది అర్థమై, తెలివిగా జవాబు చెప్పగలిగితే ఏ వయసువాళ్లయినా సాక్షులే (సాక్ష్య అధినియం 124). జడ్జి గారు ముందు వాడితో మామూలు మాటలు మాట్లాడతారు: ఏ స్కూలు, టీచరు పేరేంటి, అబద్ధం చెబితే ఏమవుతుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ప్రమాణం చేయించకుండానే సాక్ష్యం తీసుకోవచ్చు. మధ్యప్రదేశ్‌లో భార్యను చంపిన కేసులో ఏడేళ్ల కూతురు చెప్పినదాన్ని నమ్మి, హైకోర్టు విడిచిపెట్టిన తండ్రికి సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో మళ్లీ శిక్ష ఖాయం చేసింది.

కోర్టు భయం ఒక్కటే: నేర్పించారేమో అని. బాబు ఇప్పుడు అమ్మమ్మ ఇంట్లో ఉంటే ఆ ప్రశ్న తప్పదు. చట్టాన్ని పక్కన పెట్టి చెబుతున్నా, వేరే సాక్ష్యం సరిపోతే పిల్లలను బోనెక్కించకండి. నాన్నను వేలెత్తి చూపించిన రోజు వాడికి జీవితాంతం గుర్తుంటుంది.

వాట్సాప్ మెసేజ్‌లు, కాల్ రికార్డింగ్, సీసీ కెమెరా చెల్లుతాయా?

చెల్లుతాయి, కానీ స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి ఫైల్లో పెట్టేస్తే చాలదు. నకలు ఇస్తున్నప్పుడు సాక్ష్య అధినియం 63(4) కింద సర్టిఫికెట్ ఉండాలి. పాత 65బి అని లాయర్లు అనేది ఇదే. అది తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2014లో, మళ్లీ 2020లో స్పష్టం చేసింది. కొత్త చట్టం ఇచ్చిన నమూనాలో రెండు భాగాలున్నాయి, ఒకటి ఆ ఫోను లేదా కంప్యూటరు బాధ్యుడు నింపేది, రెండోది నిపుణుడు నింపేది. ఫైలు మారలేదని చూపించే హ్యాష్ విలువ కూడా రాయాలి.

ఫోను మార్చేటప్పుడు పాతదాన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చెయ్యకండి. మెసేజ్‌లు మొత్తం ఉంచండి, మీకు పనికొచ్చే నాలుగు మాత్రమే కాదు. మీరు తిట్టినవి తీసేసి ఆయన తిట్టినవి ఇస్తే, అవతలివాళ్ల ఫోన్లో పూర్తి చాట్ ఉంటుంది. సీసీ కెమెరా డీవీఆర్‌లలో పాతది కొన్ని వారాల్లో దానంతటదే చెరిగిపోతుంది కాబట్టి, అపార్ట్‌మెంట్ సెక్రటరీకి వెంటనే రాతపూర్వకంగా అడగండి, పోలీసులకూ చెప్పండి.

భార్యాభర్తల మధ్య మాటలు బయటపెట్టకూడదంటారు కదా?

సాధారణంగా అంతే (సాక్ష్య అధినియం 128). కానీ ఒకరి మీద ఇంకొకరు చేసిన నేరం విచారణలో ఆ అడ్డు లేదు. 2025 జులైలో విడాకుల కేసు ఒకదానిలో, భార్యకు తెలియకుండా భర్త చేసిన రికార్డింగ్‌ను కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది.

సాక్షి ఎదురు తిరిగితే?

మన కోర్టుల్లో "హోస్టైల్" అన్న మాట రోజుకు పదిసార్లు వినిపిస్తుంది. పోలీసులకు ఒకటి చెప్పి బోనులో "నాకేం తెలియదు" అంటే, కోర్టు అనుమతితో ఏపీపీయే ఆ సాక్షిని క్రాస్ చేస్తారు (సాక్ష్య అధినియం 157). అలా అయినంత మాత్రాన అతను చెప్పిందంతా తుడిచిపెట్టుకుపోదు. "గొడవ అరుపులు విన్నాను, కొట్టడం చూడలేదు" అంటే, అరుపులు విన్నంతవరకు వాడుకోవచ్చు.

ఎక్కువగా ఎదురు తిరిగేది మాత్రం ఎవరో కాదు, కేసు పెట్టినామే. మధ్యలో రాజీ కుదురుతుంది, పెద్దలు "కోర్టులో ఏం జరగలేదని చెప్పెయ్" అంటారు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం నేరం, ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. నిజంగా కలిసిపోతే దానికి దారి వేరే ఉంది. మామూలు దెబ్బల నేరం రాజీ చేసుకోదగ్గదే. రాజీకి వీల్లేనివాటికి ఇద్దరూ హైకోర్టుకు వెళ్లి బీఎన్‌ఎస్‌ఎస్ 528 (పాత 482) కింద కేసు కొట్టెయ్యమని అడగవచ్చు. అబద్ధమాడి కేసు పోగొట్టుకుంటే, మళ్లీ కొట్టిన రోజున మీ రెండో ఫిర్యాదును ఎవరు నమ్ముతారు?

నా మీద తప్పుడు కేసు పెట్టారు. నేనేం చెయ్యాలి?

ముందు, ఆమెకు ఫోను చేసి తిట్టకండి, ఆమె తరఫు సాక్షులను కలవకండి. ఆ రెండూ మీ మీద కొత్త సాక్ష్యాలవుతాయి.

అనుమానానికి తావు లేకుండా రుజువు చేయాల్సిన బాధ్యత ప్రాసిక్యూషన్‌దే. మీరు నిర్దోషినని నిరూపించుకోనక్కర్లేదు, సహేతుకమైన సందేహం కలిగితే చాలు. ఆ సమయానికి మీరు అక్కడ లేకపోతే ఆఫీసు స్వైప్, టోల్ రసీదు, బస్సు టికెట్ లాంటివి ఇప్పుడే భద్రం చేసుకోండి. తోపులాటలో మీకూ దెబ్బలు తగిలితే అదే రోజు చూపించుకుని ఎంఎల్‌సీ చేయించుకోండి. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాలకు యాంత్రికంగా అరెస్టు చెయ్యకూడదని 2014 నాటి అర్నేష్ కుమార్ తీర్పు చెబుతుంది. పోలీసులు బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) కింద హాజరు కమ్మని నోటీసు ఇస్తే తప్పకుండా హాజరవ్వండి.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఇంట్లో మీరిద్దరే ఉన్నప్పుడు భార్యకు ప్రాణం మీదికి వచ్చేంత గాయమైతే, ఎలా అయిందో మీరే చెప్పాల్సి వస్తుంది. ఒకరికి ప్రత్యేకంగా తెలిసిన సంగతిని వాళ్లే వివరించాలన్నది సాక్ష్య అధినియం 109 (పాత 106). 2006లో మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు ఇంటి లోపలి నేరాలకు దీన్ని గట్టిగా వర్తింపజేసింది.

కాలిన గాయాలతో ఉన్నవాళ్లు ఆసుపత్రిలో చెప్పింది?

మనిషి చనిపోతే అది మరణ వాంగ్మూలం. నమ్మదగ్గదైతే దాని ఒక్కదాని మీదే శిక్ష పడవచ్చు. డాక్టరు "స్పృహలో ఉన్నారు" అని రాసిన సర్టిఫికెట్ లేకపోయినా, రాసుకున్నవారు ఆ విషయంలో కోర్టుకు నమ్మకం కలిగిస్తే చాలని 2002లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మనిషి బతికితే అది మరణ వాంగ్మూలం కాదు. ఆమే వచ్చి బోనులో చెప్పాలి.

గృహహింస చట్టం కింద వేసిన కేసులోనూ ఇంత సాక్ష్యం కావాలా?

అక్కర్లేదు. 2005 చట్టం కింద రక్షణ ఉత్తర్వు, ఇంట్లో ఉండే హక్కు, భరణం లాంటివి సివిల్ స్వభావం ఉన్న ఊరటలు. ఏది ఎక్కువ నమ్మేలా ఉందో చూస్తే చాలు. అందుకే క్రిమినల్ కేసు కొట్టేసినా ఈ గృహహింస కేసు (డీవీసీ) గెలిచినవాళ్లున్నారు. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే మాత్రం అది నేరం, ఏడాది వరకు జైలు. అప్పుడు బాధితురాలి ఒక్కరి సాక్ష్యం మీదే కోర్టు నిర్ణయానికి రావచ్చని సెక్షన్ 32 రాసిపెట్టింది.

నేను డల్లాస్‌లో ఉన్నాను. సాక్ష్యం చెప్పడానికి ప్రతిసారీ రావాలా?

కోర్టు అనుమతిస్తే వీడియోలో చెప్పవచ్చు, ముందుగా పిటిషన్ వెయ్యాలి. అక్కడే కొట్టినట్టయితే అక్కడి పోలీసు రిపోర్టు, ఆసుపత్రి కాగితాలు సర్టిఫైడ్ కాపీలు తెప్పించుకోండి. ఇక్కడి కోర్టులో మీ మాటకు తోడు నిలిచేవి అవే.

సాక్షులను బెదిరిస్తున్నారు.

2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ఉంది. జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు చేయాలి, పోలీసులు ముప్పు ఎంతుందో నివేదిక ఇస్తారు. బెదిరించిన ఫోను నంబరు, తేదీ, సమయం రాసి ఉంచండి. ముద్దాయి బెయిలు మీద ఉంటే, బెయిలు రద్దు చేయమని అడగడానికి కూడా అవే ఆధారం. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోను చెయ్యండి. స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఆపద అప్పటికప్పుడే అయితే 112, మహిళలకు 181.

వాయిదా రోజు ఏం తీసుకెళ్లాలి?

సమన్లు, ఆధార్, మీ ఫిర్యాదు నకలు. ముందు రోజు రాత్రి ఆ నకలు ఒకసారి నిదానంగా చదువుకోండి, బట్టీ పట్టకండి. కోర్టు హాలు బయట బల్ల మీద కూర్చుని సాక్షులంతా "నువ్వేం చెబుతావ్, నేనేం చెబుతా" అని మాట్లాడుకోకండి. అవతలి లాయరు గుమస్తా పక్క బల్ల మీదే టీ తాగుతూ ఉంటాడు.